ముందు చక్రాలు

మే 12

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు పేజీలు మీ హాస్టలు కిటికీ గురించే. చివర్లో, నీకు జ్వరం వచ్చి తగ్గిందని ఒక్క ముక్క. ఇకనుంచి ముందు జ్వరం రాయి, కిటికీ తర్వాత.

నీతో పని పడింది, శ్రద్ధగా చదువు. డ్యాము ఆఫీసు వాళ్లు ఇక్కడున్న జీపుని వెనక్కి తీసుకున్నారు. మరమ్మతుకని చెప్పారు గానీ, అది తిరిగి రాదని అందరికీ తెలుసు. ఇక వారానికోసారి వచ్చే సరుకుల వ్యానే మాకు దిక్కు. నీకు ఉత్తరాలు మోసేది కూడా అదే. ఇక్కడ ఫోను పలకదని నీకు తెలిసిందే.

క్వార్టర్ల నుంచి తారురోడ్డు ఎక్కాలంటే మధ్యలో వాగు దాటాలి. ఎండల్లో అది రాళ్లు ఆరబోసినట్టుంటుంది. వానలు పడ్డాయంటే వ్యాను రాదు. పోయినేడు పక్క క్వార్టరు వాళ్ల కోడలికి నొప్పులు మొదలైతే మంచం మీద మోసుకెళ్లారు. వాగు దగ్గర ఆగిపోయారు. తర్వాత ఏమైందో నాకెవరూ చెప్పరు. నేను గదిలోకి అడుగుపెట్టగానే మాట మార్చేస్తారు. నాకేమో కాన్పు జులై నెలాఖరుకి అంటున్నారు.

ముందే వెళ్లి ఆసుపత్రిలో చేరదామంటే, నొప్పులు మొదలయ్యాకే రమ్మని నర్సమ్మ తేల్చేసింది. నీ దగ్గరికి వద్దామంటే నీది మగపిల్లల హాస్టలు. మీ బావ వానాకాలంలో డ్యాము గేట్లు వదిలి కదలడానికి లేదు. అందుకని ఆయన మనసు ఒక పాత బండి మీద పడింది. నాలుగు చక్రాలూ లాగే రకమట. మీ ఊళ్లోనే అమ్మకానికి ఉందని పేపర్లో వేశారు. ఆ ముక్క కత్తిరించి ఇందులో పెడుతున్నాను. వెళ్లి చూడు.

నాన్న మెకానిక్ షెడ్డులో నేను పానాలు అందిస్తుంటే నువ్వు టైర్ల వెనకాల కూచుని బొమ్మల పుస్తకాలు చదివేవాడివి. కాబట్టి నీకేమీ రాదనుకునే చెబుతున్నాను. పొద్దున్నే, బండి స్టార్టు చెయ్యకముందే వెళ్లు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఇంజను ముందే వేడిచేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో మనకి తెలియకుండా చేస్తారు. అలాగైతే నోరెత్తకుండా తిరిగి వచ్చెయ్, ఇంకో రోజు చెప్పకుండా వెళ్లు. తర్వాత కింద పడుకుని ఛాసిస్, అంటే బండిని మోసే ఇనప చట్రం చూడు. చిన్న సుత్తితో పొడుగునా కొట్టు. గట్టి ఇనుము గంటలా పలుకుతుంది, తుప్పు తిన్నది అట్టపెట్టెలా. పైన వేసిన రంగుని నమ్మకు. తలుపుల అడుగున అయస్కాంతం పెట్టి చూడు, అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరాయి. పొగ రంగు చూడు. ఛాసిస్ మీద నంబరు, కాగితాల్లో నంబరు ఒకటేనా చూడు.

చూడమన్నవి చూసి, చూసింది రాయి.

నీ అక్క


మే 20

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ కంఠస్థం చేసి వెళ్లాను. పరీక్షకి కూడా ఇంత చదవలేదు.

బండి ఒక రిటైరైన సర్వేయరు గారిది. ఉద్యోగమంతా కొండలు కొలవడంలోనే గడిచిందట. వీధిలో అందరూ ఆయన్ని కొలతల తాత అంటారు. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో ఆ బండి. ఏం చెప్పమంటావు అక్కా, దాని మొహం చూస్తే అన్నీ చూసేసి ఇక దేనికీ ఆశ్చర్యపోని మనిషి మొహంలా ఉంది. గుండ్రటి దీపాలు, పైన ముడతలు పడ్డ కాన్వాసు. రంగు ఒకప్పుడు ఆకుపచ్చ. ఇప్పుడు దానికి భాషలో పేరు లేదు.

బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నోరెత్తకుండా తిరిగి వస్తుంటే తాత వెనక నుంచి పిలిచాడు. "ఏం అబ్బాయ్, కొనడానికొచ్చావా, జ్వరం చూడ్డానికొచ్చావా?" అన్నాడు. మా అక్క చెప్పింది చెయ్యాలండీ, నేను ఆవిడ కళ్లు మాత్రమే అన్నాను. ఆయన దగ్గరికొచ్చి, "నా కళ్లు పోతున్నాయనే అమ్ముతున్నాను. మీ అక్క కళ్లయినా బాగున్నాయా?" అన్నాడు.

మూడో రోజు మళ్లీ వెళ్లాను. చల్లగా ఉంది. మొదటి తిప్పుకే లేచింది. నిద్ర లేచిన ముసలివాడిలా రెండుసార్లు దగ్గి, గొంతు సరిచేసుకుని, ఇక ఆగకుండా మాట్లాడింది. వెనక నుంచి పొగ పొద్దుటి మంచులా జాలువారింది. ఎంత బాగుందో.

నాకైతే బండి నచ్చింది. బావకి చెప్పు.

నీ తమ్ముడు


మే 29

ఒరేయ్,

నేను నిన్ను బండి చూసి రమ్మంటే పెళ్లిచూపులు చూసి వచ్చావు.

మొదటి రోజు బానెట్ ఎందుకు వెచ్చగా ఉందో అడిగావా? పొగ పొద్దుటి మంచులా ఉందంటావు. మంచు తెల్లగా ఉంటుంది. తెల్ల పొగ ఆగకుండా వచ్చిందంటే ఇంజనులోకి నీళ్లు దిగుతున్నాయని అర్థం. నువ్వు బాగుంది అని రాసింది దాన్ని. ఆగిందా, ఆగకుండా వచ్చిందా? సుత్తి తీసుకెళ్లావా, లేదా? అయస్కాంతం? నీ ఉత్తరంలో ముసలాయన మాటలున్నాయి, కాన్వాసు ముడతలున్నాయి, ఛాసిస్ ఒక్కటే లేదు.

నిజం చెప్పనా, నీ వర్ణనలు నేను దాటేసి చదువుతాను. మీ బావే వాటిని చదివేది. గేట్ల దగ్గర డ్యూటీకి కూడా నీ ఉత్తరం జేబులో పెట్టుకు పోతాడు. రంగుకి భాషలో పేరు లేదన్నది నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. మీ ఇద్దరూ ఒకటే తీరు.

నాలుగు చక్రాల సంగతి మాత్రం నాకూ తెలియదు. నాన్న షెడ్డుకి లారీలు, కార్లు వచ్చేవి గానీ అలాంటి బండి ఒక్కటీ రాలేదు. పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుందట. అది వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయట. వేయించి, గట్టి ఎత్తు ఎక్కించి చూడు. మనకి ముఖ్యం అదే. మిగతావి బాగుండి అదొక్కటి లేకపోతే, అది వాగు ఇవతల నిలబెట్టుకునే బొమ్మ.

నిన్న ఇక్కడ మబ్బు పట్టింది. పడలేదు. పడకపోయినా నేను రెండుసార్లు లేచి వాగు వైపు చూసి వచ్చాను. పిల్లో పిల్లాడో లోపల తెగ తంతున్నారు, నీలాగే ఒక చోట నిలవరు.

అక్క


జూన్ 5

అక్కా,

ఈసారి నీకు కోపం రాకుండా రాస్తాను.

మొదటి రోజు తాత మనవరాలిని బస్సెక్కించి వచ్చాడట, అందుకే వెచ్చగా ఉంది. పొగ క్షణంలో ఆగింది. మంచు అన్నది రంగుకి కాదు, పల్చగా ఉందని. తప్పు నాదే, ఇంకో పోలిక వాడాల్సింది.

కింద పడుకుని పొడుగునా సుత్తితో కొట్టాను. అన్నిచోట్లా గంట మోగింది. వెనక అడ్డపట్టీ దగ్గర ఒక్క చోట మాత్రం మూగగా పలికింది. తాత తనే చెప్పాడు, అక్కడ అతుకు వేయించాలని. అయస్కాంతం ఎడమ తలుపు అడుగున జారిపోయింది, మిగతా అంతటా అంటుకుంది. ఆయిలు నల్లగా ఉంది, పాలు కలవలేదు. స్టీరింగు కొంచెం వదులు. నంబర్లు ఒకటే, వేలితో తడిమి చదివాను.

ఎత్తు కూడా ఎక్కించాం. ఊరి చివర రాళ్లు కొట్టే క్వారీ ఉంది. అందులో కంకర దిబ్బ మీదికి నిటారుగా దారి. దిబ్బ కింద తాత బండి ఆపి దిగాడు. దగ్గరి వస్తువులు ఆయనకి ఇంకా కనిపిస్తాయో లేదో గానీ, తడుముకోకుండా ముందు చక్రం దగ్గర వంగాడు. చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి బిళ్ల మీద చెయ్యి వేసి, బడికెళ్లే పిల్లాడి చొక్కాకి గుండీ పెట్టినట్టు, మెల్లగా సరిచేశాడు. రెండో వైపుకీ వెళ్లి అక్కడా అంతే. ఎన్నేళ్ల స్నేహమో అనిపించింది. అమ్మేసే ముందు ఆఖరిసారి ముస్తాబు చేస్తున్నట్టుంది. తర్వాత చిన్న లివరు వేసి, కంకర జారుతున్నా ఒక్క చోట తడబడకుండా పైకి తీసుకెళ్లాడు. దిగి వచ్చాక మళ్లీ వంగి రెండు చక్రాల దగ్గరా గుండీలు విప్పినట్టు నిమిరాడు.

ఇది దాటేసి చదివినా ఫరవాలేదు. ఎత్తు ఎక్కింది, అది చాలు. బయానా ఇచ్చేశాను.

నీ తమ్ముడు


జూన్ 9

చిన్నోడా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. కొనకు.

నిన్న కాలవ సెక్షన్ మేస్త్రీ వచ్చాడు. ఇలాంటి పాత బండ్లలో చాలామంది ముందు చక్రాలకి వెళ్లే తిరిగే కడ్డీ పీకి పారేస్తారట, డీజిలు కలిసొస్తుందని. లివరు మాత్రం అలాగే ఉంటుంది. వేస్తే కదులుతుంది, లోపల ఏమీ ఉండదు. కొన్నవాడికి బురదలో దిగాక గానీ తెలియదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ముసలాయన మాటకారి అని నువ్వే రాశావు. నువ్వేమో మాటలకి పడిపోయేవాడివి.

వేరే బండి చూద్దాం. లేకపోతే నేనే వ్యానెక్కి వచ్చేస్తాను, ఎక్కడో ఒక గది దొరక్కపోదు. మీ బావ ఇది రాయొద్దంటున్నాడు. అయినా రాస్తున్నాను.

అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ చేతికొచ్చింది. బండి నిన్ననే బయలుదేరిపోయింది.

పరీక్షలు ఉండడంతో నేను రాలేక డ్రైవరుని మాట్లాడి పంపాను. వెనక అతుకు వేయించాను. ఈ ఉత్తరం కంటే ముందే అది నీ గుమ్మం ముందుంటుంది.

ఆ కడ్డీ ఉందక్కా. కింద పడుకున్నప్పుడు చూశాను. ముందు ఇరుసు దాకా వెళ్లింది, చేత్తో పట్టుకుని తిప్పాను కూడా. ఒట్టు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. అయినా నీ ఉత్తరం చదివాక, నేను పట్టుకున్నది అదేనా, ఇంకోటా అని అనుమానంగా ఉంది. పుస్తకం తెరిస్తే అక్షరాల్లో కూడా ఆ కడ్డీయే.

చేరగానే రెండు ముక్కలు రాయి. బాగుంది అని రాసినా చాలు.

నీ తమ్ముడు


జూన్ 25

తమ్ముడికి,

బండి వచ్చింది. వచ్చేటప్పటికి వాగు ఎండి ఉంది కాబట్టి దాటడంలో వింతేమీ లేదు. డ్రైవరు తాళం ఇచ్చి, ఆ రోజు వచ్చిన సరుకుల వ్యానులో వెళ్లిపోయాడు.

మొన్న మొదటి వాన గట్టిగా పడింది. నిన్న మీ బావ క్వార్టర్ల వెనక బురదలోకి దింపి చూశాడు. చిన్న లివరు వేశాడు. చక్కగా పడింది. వెనక చక్రాలు తిరిగి తిరిగి గొయ్యి తవ్వాయి. ముందు చక్రాలు మాత్రం చుట్టపు చూపుగా వచ్చినట్టు చూస్తూ నిలబడ్డాయి. ఎంత తొక్కినా అంతే. గార్డులొచ్చి తాడు కట్టి లాగారు. వాళ్లు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

కడ్డీ ఉన్నమాట నిజమే, మీ బావ చూశాడు. అయితే లోపలెక్కడో తెగి ఉండాలి. మేస్త్రీ చెప్పిందే జరిగింది. ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పు. ఆ దిబ్బ నిజంగా ఎక్కిందా? లేక ఎక్కితే రాయడానికి బాగుంటుందని రాశావా?

ఇలా అడగాల్సి వస్తుందనుకోలేదు. నాన్న కొడుకువి. ఒక్క బండి సరిగ్గా చూడలేకపోయావు.

ఈ వారం సరుకుల వ్యాను వెళ్లిపోయింది, ఈ ఉత్తరం కాలవ మేస్త్రీ చేతికిస్తున్నాను. వచ్చేవారం వ్యాను వస్తే నేను ఎక్కేస్తాను. ఆసుపత్రి వరండాలో పడుకుంటాను. వస్తేనే. వాగు చప్పుడు ఇక్కడికి వినిపించడం మొదలైంది.

అక్క


జులై 2

అక్కా,

దిబ్బ ఎక్కింది. అబద్ధం రాయలేదు.

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా తాత ఇంటికి వెళ్లాను. మా అక్కని మోసం చేశారన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన కూర్చోమనలేదు. ముందు చక్రాలు ఎలా తిరగలేదో అంతా చెప్పించుకున్నాడు. తర్వాత, "చక్రాలు బిగించారా?" అన్నాడు. బిగించడమేంటన్నాను.

"నీ కళ్ల ముందే చేశాను కదయ్యా. నువ్వేం చూశావు?"

నేను చూసింది నీకు తెలుసు. గుండీలు పెడుతున్నాడనుకున్నాను.

చెయ్యాల్సింది ఇది. ముందు చక్రాలు రెండింటికీ మధ్యలో గుండ్రటి బిళ్ల ఉంటుంది. బండి ఆపి, దిగి, దాన్ని కుడివైపుకి ఆగేదాకా తిప్పాలి. రెండో చక్రానికీ అలాగే. అప్పుడే ముందు చక్రాలు ఇరుసుకి తగులుకుంటాయి. ఆ తర్వాత లివరు వెయ్యాలి. బిళ్ల తిప్పకుండా లివరు వేస్తే ఇరుసు లోపల తిరుగుతుంది, చక్రాలు తిరగవు. గట్టి రోడ్డు ఎక్కాక లివరు తీసి, బిళ్లలు రెండూ ఎడమవైపుకి తిప్పెయ్యాలి. బిళ్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. తాత చేతికి అలవాటు కాబట్టి చెప్పాలని తోచలేదట. నాకు అడగాలని తోచలేదు.

ఇది తీసుకుని వ్యాను డిపోకి పరిగెత్తాను. దారి తెగింది, ఈ వారం వ్యాను లేదన్నారు. నేను నడిచి వస్తానంటే డిపో గుమస్తా కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. మీ వైపు ఎవరు బయలుదేరినా ఇవ్వమని ఈ ఉత్తరం ఆయన చేతిలో పెడుతున్నాను.

తమ్ముడు


జులై 11

చిన్నోడా,

ముందు జ్వరం రాయమని చెప్పిందాన్ని, కాబట్టి ముందు ముఖ్యమైనది. ఆడపిల్ల. ఇద్దరం బాగున్నాం. తారురోడ్డు పక్కన ఆసుపత్రిలో, కిటికీ దగ్గర మంచం. కిటికీ గురించి ఏమీ రాయను.

జులై నెలాఖరు అన్నది వట్టిమాట అయింది. మొన్న సోమవారం పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. రెండు రోజులుగా వాన. వ్యాను రాలేదు. మీ బావ గేట్లు ఇంకొకాయనకి అప్పగించి వచ్చి, వెనక సీటు మీద పరుపు వేసి నన్ను ఎక్కించాడు. వెనక చక్రాలతోనే పోదాం, నీళ్లు ఇంకా మోకాలి దాకానే అన్నాడు. మంచం మీద కంటే నయమని నేనూ ఊరుకున్నాను. ఆ పక్క క్వార్టరు కోడలి అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

వాగు మధ్యకి వెళ్లాక వెనక చక్రాలు దిగబడ్డాయి. లివరు వేశాడు. ముందు చక్రాలు కదల్లేదు. నీళ్లు తలుపు కింద నుంచి లోపలికి వస్తున్నాయి, నా చెప్పులు తేలుతున్నాయి. అప్పుడు నేను నిన్ను అన్న మాటలు ఈ కాగితం మీద పెట్టను. నువ్వు అక్కడ లేకపోవడం నీ అదృష్టం.

మీ బావ దిగి నెట్టాడు. ఇంకోసారి నెట్టాడు. తర్వాత నెట్టడం ఆపేసి, నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాన మొహం మీద కొడుతోంది. "ఎత్తు ఎక్కేముందు ముసలాయన దిగి ఏం చేశాడని రాశాడు మీ తమ్ముడు?" అన్నాడు.

ఇప్పుడా కథలు అని అరిచాను.

"గుండీ పెట్టినట్టు అని రాశాడు. దిగి వచ్చాక విప్పినట్టు అని రాశాడు. అభిమానం ఉన్నవాడు పెడతాడు సరే, మళ్లీ విప్పడం ఎందుకు?"

నాకు ఒక్కసారిగా నాన్న షెడ్డు గుర్తొచ్చింది. ఊరికే ఎవరూ ఒక చోట రెండుసార్లు చెయ్యి పెట్టరు. తిప్పి చూడమన్నాను. ఆయన నీళ్లలోకి వంగాడు. మెడ మాత్రమే కనిపిస్తోంది. ఎటు తిప్పాలో తెలియక అటూ ఇటూ తడిమి, చివరికి ఒక చోట టక్కుమంది. చుట్టూ తిరిగి రెండో వైపుకి వెళ్లాడు. ఆ నాలుగడుగులూ వెళ్లడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. మళ్లీ వచ్చి కూచుని లివరు వేశాడు. బండి ముందు ఒకసారి వణికింది. తర్వాత ముందు నుంచి ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు కదిలింది.

ఒడ్డు ఎక్కాక నాకు ఏడుపు వచ్చింది. నొప్పులకి అనుకుని ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు.

నువ్వు జులై రెండున రాసిన ఉత్తరం నిన్న ఇక్కడికే చేరింది. డిపో గుమస్తా పంపిన మనిషి దారిలో మన బండిని ఆసుపత్రి ముందు చూసి ఆగాడు. గట్టి రోడ్డు మీద బిళ్లలు విప్పెయ్యాలని అందులో చదివి మీ బావ అప్పటికప్పుడు కిందకి పరిగెత్తాడు. మూడు రోజులుగా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పైనుంచి చూస్తే ఆయన వంగి ఉన్న తీరు అచ్చం నువ్వు రాసినట్టే ఉంది.

ఆ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. కుడి ఎంత, ఎడమ ఎంత, ముందేది, తర్వాతేది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నువ్వొక్కడివే లేవు. నేనే అలా రాయమన్నాను కదూ. నాన్న కొడుకువి అని ఇంకో మాట కూడా రాశాను. అది నీ దగ్గరుంటే చించెయ్. ఆ తాత దగ్గరికి వెళ్లి, పాప పుట్టిందని, మా అక్క కళ్లు కూడా అంత బాగాలేవని చెప్పు.

పరీక్షలు అవగానే వచ్చెయ్. పాప ఎలా ఉందో నేను రాయను, బరువు మాత్రం బాగుందన్నారు. నువ్వే వచ్చి, పక్కన కూచుని, చూసింది చూసినట్టు రాసి నా చేతికివ్వు. మూడు పేజీలైనా సరే. ఈసారి ఒక్క ముక్క దాటెయ్యను.

అక్క